లడ్డూలు పంచని మనిషి

“భాగ్ అన్నాడు సాబ్. రెండుసార్లు. దీదీని చూస్తూ భాగ్, భాగ్ అన్నాడు,” అన్నాడు వార్డు అటెండెంట్ దీపు.

ఆ ఒక్క మాట పట్టుకుని, ఢిల్లీ ధౌలా కువాన్ దగ్గరి ‘పునర్గతి’ పునరావాస సెంటర్లో నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరూ సునంద మొహం చూడటం లేదు. వెన్నుపూస దెబ్బతిన్న భర్త మంచం మీద గిలగిల్లాడుతూ కట్టుకున్న భార్యని చూసి ‘పో, పారిపో’ అన్నాడంటే ఇంకేం చెప్పాలి? పోలీసులకి అంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

డిటెక్టివ్ చెన్నకేశవులు తన చక్రాల కుర్చీని దీపుకి ఎదురుగా తెచ్చి బ్రేకు వేశాడు. యాభై దాటిన మనిషి. ఆరేళ్ళ కిందట ఢిల్లీ పోలీసుల్లో ఇన్‌స్పెక్టరు. దొంగ కారు వెంట పడ్డ జీపు బోల్తా కొట్టి నడుము పైన పూస చితికింది. ఇదే సెంటర్లో చాలా నెలలు ఉండి, కూర్చోవడం అనే పనిని మళ్ళీ మొదటినుంచి నేర్చుకుని బయటపడ్డాడు. ఇప్పుడు బేర్ సరాయ్‌లో ఒక పుస్తకాల కొట్టు పక్కన ప్రైవేటు డిటెక్టివ్. ప్రతి గురువారం ఇక్కడికి వచ్చి, కొత్తగా దెబ్బతిన్నవాళ్ళకి కుర్చీలో ఎలా బతకాలో చెబుతాడు. “డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళు ఎవడూ నన్ను చక్రం తిప్పనివ్వలేదు. ఇప్పుడు రెండు చక్రాలూ నేనే తిప్పుతున్నా” అనేది ఆయన తనని తాను పరిచయం చేసుకునే తీరు.

ఈ రోజు ఆ పరిచయం ఎవరికీ చెప్పలేదు. ఐసీయూలో పడి ఉన్న సునంద భర్త సాయిప్రకాష్ ఆయన గురువారం శిష్యుడు.

తెలుగువాడు ఎదురుగా ఉంటే ‘నేను పూసలు చెదిరినవాణ్ణి, నాకు పూసగుచ్చినట్టు చెప్పాలి’ అనేవాడు. దీపు ఫరీదాబాద్ మనిషి. హిందీలో ఆ చమత్కారం చెల్లదు గనక, “మొదట్నుంచీ చెప్పు భయ్యా” అన్నాడు.

“నిన్న పొద్దున ఎక్సర్‌సైజులయ్యాక సాయి సాబ్‌ని కుర్చీలోంచి మంచం మీదకి మార్చాం. నేనూ, సునంద దీదీ. మొన్నటి జ్వరానికి సెలైన్ ఎక్కుతోంది కదా, యూరిన్ పైపు కూడా పెట్టే ఉంచారు. మార్చేటప్పుడు పైపుకున్న క్లిప్పు నొక్కుతాం, బ్యాగులోది వెనక్కి పోకుండా. మార్చాక వదిలేస్తాం.”

“వదిలారా?”

“దీదీయే వదిలింది. చూశాననుకుంటా.”

“చూశావా, అనుకున్నావా?”

దీపు నేల వైపు చూశాడు. “అనుకున్నా సాబ్.”

“తర్వాత?”

“దీదీ కింద క్లాసుకి పోయింది. పేషెంట్ల ఇంటివాళ్ళకి పెట్టే క్లాసు. పదిన్నరకి సాయి సాబ్ ఆఫీసు దోస్తు రఘు సాబ్ వచ్చి చూసి పోయారు. పదకొండున్నర దాటాక దీదీ పైకొచ్చింది. గదిలోకి పోగానే కేక వినపడింది. నేను గుమ్మం దాకా వెళ్ళా. సాయి సాబ్ మొహం ఎర్రగా కందిపోయింది, నుదుటి మీంచి చెమట ధారలు. దీదీని చూసి భాగ్ భాగ్ అంటున్నాడు. కాలెత్తి తన్నాడు కూడా. నాకు భయమేసి గార్డుని పిలవడానికి కిందికి పరిగెత్తా.”

“నర్సు దగ్గరికి కాదు, గార్డు దగ్గరికి.”

“గొడవ అనుకున్నా సాబ్. దీదీయే నర్సు దగ్గరికి పరిగెత్తింది.”

“సర్, అయిపోయిందా?” అని వెనకనుంచి గొంతు వినబడింది.

ఇన్‌స్పెక్టర్ జశ్వంత్. ఆర్.కె. పురం క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగంతా అర్థమవుతుంది, నోటికి మాత్రం సగం హిందీయే వస్తుంది. ఒకప్పుడు చెన్నకేశవులు కింద సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు స్టేషన్లో ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనేమో ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా పేచీ అంతా కుర్చీల పేచీయే.

“రెహనే దీజియే సర్, వదిలెయ్యండి. కేస్ క్లియర్ హై.”

“క్లియరయింది కేసా, నీ దారా?”

జశ్వంత్ నవ్వలేదు. వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. పైపు క్లిప్పు బిగించి ఉంది. ఆ పైపు సంగతి తెలిసింది భార్యకి. చివరగా దాన్ని ముట్టుకున్నదీ ఆమే, డాక్టరువి పోను దాని మీద పోల్చగలిగిన వేలిముద్రలూ ఆమెవే. తిరిగొచ్చేసరికి భర్తకి అర్థమైంది. పో అని అరిచాడు, తన్నాడు. ఆమె పరిగెత్తింది. “కెమెరాలో ఉంది. క్లియర్ కిక్.”

“మెడ విరిగినవాడు తన్నాడు,” అన్నాడు చెన్నకేశవులు. “నేను నడుం విరిగినవాణ్ణి. ఆరేళ్ళ నుంచి ఒక్కణ్ణీ తన్నలేకపోయా. నిన్ను చూసినప్పుడల్లా కోరిక కలిగినా సరే.”

“సర్, ఆప్ ఎమోషనల్ హై. పేషెంట్ మీవాడు. నా కేసు స్టాండ్ అవుతుంది.”

“నిలబడ్డవన్నీ నిజాలు కావు జశ్వంత్. కాస్త కూర్చుని చూడు. నన్ను చూసి నేర్చుకో.”

“పన్నెండింటికి లేడీ కానిస్టేబుల్ చాందిని వస్తుంది. సునందని తీసుకెళ్తా. తబ్ తక్ దేఖ్ లీజియే, అప్పటిదాకా చూసుకోండి.”

“తీసుకెళ్తే ఐసీయూ దగ్గర సాయికి ఎవరున్నారు? వాళ్ళవాళ్ళు కాకినాడ నుంచి రేపు కానీ రారు.”

“రఘునందన్ జీ హై నా. నిన్నట్నుంచి ఇక్కడే ఉన్నాడు. మై సంభాల్ లూంగా, నేను చూసుకుంటా అన్నాడు.”

చెన్నకేశవులు గోడ గడియారం చూశాడు. పన్నెండుకి ఇంకా గంటన్నర ఉంది.

గదిలో మంచం ఖాళీగా ఉంది. నిన్న ఎలా వదిలారో అలాగే తాళం వేసి ఉంచారు. సెంటర్ డాక్టరు ప్రణతి తాళం తీసి, ఆయన కుర్చీ పట్టేలా తలుపు పూర్తిగా తెరిచింది. విశాఖ అమ్మాయి. ముప్ఫై అయిదేళ్ళకే కళ్ళ కింద చారలు. నిన్న క్లిప్పు వదిలించింది ఆమే.

“ఎంత వచ్చింది?” అనడిగాడు చెన్నకేశవులు.

“లీటరు దాటింది. బీపీ రెండువందల నలభై. అప్పటికే మెదడులో నరం చిట్లింది అంకుల్.”

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. జశ్వంత్ గుమ్మానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. వినాల్సింది అతనే గనక ఆయన గొంతు పెంచాడు. “డాక్టరమ్మా, ఒక్క పైపు మూసుకుంటే మెదడులో నరం ఎందుకు చిట్లుతుంది? పోలీసు బుర్రకి అర్థమయ్యేట్టు చెప్పు.”

“సాయికి దెబ్బ మెడలో, ఆరో నరం దగ్గర. భుజాలు కదులుతాయి, మణికట్టు పైకి లేస్తుంది, వేళ్ళు ముడుచుకోవు. అక్కణ్ణుంచి కిందిది ఏదీ తనకి తెలియదు. మూత్రాశయం పగిలేంత నిండినా నొప్పి తెలియదు. కానీ కింద నరాలు చచ్చిపోలేదు కదా. అవి గోల పెడతాయి. ఒంట్లో రక్తనాళాలన్నీ బిగుసుకుంటాయి, బీపీ కొండెక్కుతుంది. మెదడు ‘ఆపండి’ అని కబురు పంపుతుంది. ఆ కబురు మెడ దగ్గరే ఆగిపోతుంది.”

“కింది ఫైలు పైకి పోదు, పై ఆర్డరు కిందికి రాదు. మన సర్కారీ ఆఫీసే.”

“అంతే. దెబ్బ తగిలిన చోటుకి పైన మొహం కందిపోతుంది, చెమట కారుతుంది, తల పగిలిపోతుంది. దెబ్బకి కింద ఒళ్ళు చల్లగా, పొడిగా ఉంటుంది. అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటాం. అలాంటప్పుడు మొదటి పని మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి దించడం. బీపీ కొంచెమన్నా దిగుతుంది. రెండో పని, కింద ఏది గోల పెడుతోందో వెతకడం. నూటికి తొంభైసార్లు పైపే.”

“పడుకోబెడితే?”

ప్రణతి మంచం వైపు చూసింది. అది బల్లలా చదునుగా ఉంది.

“పడుకోబెడితే ఇంకా పెరుగుతుంది,” అంది మెల్లగా. “మేం వచ్చేసరికి ఇలాగే ఉంది. సాయికి భోజనం దాకా వీపు ఎత్తి ఉంచాలని నేనే చెప్పాను. హడావిడిలో అది నాకు తట్టనే లేదు.”

చెన్నకేశవులు కుర్చీని మంచం తలవైపు తీసుకెళ్ళాడు. సాయిప్రకాష్‌కి వేళ్ళు పనిచెయ్యవు గనక అరచేత్తోనో చెంపతోనో నొక్కేలా ఒక మెత్తటి బెల్లు దిండు పక్కన క్లిప్పుతో పెడతారు. ఆ బెల్లు వైరు మంచం వెనక నేల మీదికి వేలాడుతోంది. క్లిప్పు విరగలేదు. ఎవరో విప్పి తీశారు. మంచం రిమోట్ ఆ పక్క కమ్మీకి, తలాపు చివర తగిలించి ఉంది. సాయి చెయ్యి చాచినా అందని చోట.

“క్లిప్పు బిగించారు, బెల్లు తీశారు, వీపు దించారు,” అన్నాడు. “ఒకటైతే మరుపు. మూడూ కలిస్తే మనిషి. జశ్వంత్, రిమోట్ మీద వేలిముద్రలు తీయించావా?”

“పేషెంట్ పడుకునే ఉంటాడు కదా సర్,” అన్నాడు జశ్వంత్. అని, ఆగాడు. “నహీ. తీయించలేదు.”

“ఏం చేసినా చేసింది సునందే కావచ్చు, అంటావు. అనొచ్చు. పద, ఆమెనే అడుగుదాం.”

సునంద ఐసీయూ బయటి బెంచీ మీద ఒక చివర కూర్చుని ఉంది. మరో చివర నుంచి అందరూ లేచిపోయినట్టు బెంచీ అంతా ఖాళీ. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగు నెలల కిందట భర్త నోయిడాలో కట్టే అపార్టుమెంటు సైటులో లిఫ్టు గుంటలో పడ్డాడు. అక్కడ అతను సేఫ్టీ ఇంజనీరు. రైలింగ్ లేని చోట కాలు జారిందన్నారు. ఆ రోజు నుంచి ఆమె రెండు గంటలకోసారి లేచి అతన్ని పక్కకి తిప్పుతోంది, పుళ్ళు పడకుండా.

“అమ్మా, క్లిప్పు వదిలావా?”

“వదిలాను అంకుల్. బ్యాగులోకి దిగడం చూసే వెళ్ళాను.”

“మరి ఆ మాట పోలీసులకి గట్టిగా చెప్పలేదేం?”

ఆమె ఐసీయూ తలుపు వైపు తిరిగింది. తర్వాత అంది, “చెప్పి ఏం చెయ్యను? ఆయనే నన్ను పొమ్మన్నారు కదా. నేనే చేశాననుకునే పోతారేమో ఆయన. అదే అనుకుంటూ పోతారు.”

ఈ మాటకి చెన్నకేశవులు దగ్గర చమత్కారం లేదు. కుర్చీని బెంచీ దగ్గరికి జరిపాడు.

“అతని కాళ్ళు మొదటిసారి కదిలింది ఎప్పుడు?”

“రెండో నెలలో. పిక్క ఒక్కసారిగా ఎగిరింది. నయమైపోయిందనుకున్నాను. వార్డంతా లడ్డూలు పంచాను. అత్తయ్యకి వీడియో కాల్ చేశాను. సాయంత్రం ప్రణతి గారొచ్చి చెప్పారు, అది ఈడ్పు, మెదడుకి సంబంధం లేదు, వెన్నుపాము తనంతట తనే తన్నుకుంటోందని. మిగిలిన లడ్డూలు ఏం చేశానో గుర్తులేదు.”

“నా భార్య అన్నపూర్ణేశ్వరి మోతీచూర్ పంచింది,” అన్నాడు చెన్నకేశవులు. “నాకూ నోట్లో పెట్టింది. ఇక్కడ ఎవరి కాలు మొదటిసారి కదిలినా ఎవరో ఒకరు లడ్డూలు పంచుతారమ్మా. ఈ కారిడార్లో మిఠాయి తిని ఏడవని ఇల్లు లేదు.”

అప్పుడే క్యాంటీన్ వైపు నుంచి రెండు కప్పుల టీ పట్టుకుని రఘునందన్ వచ్చాడు. సాయిప్రకాష్ కంపెనీలోనే ప్రాజెక్టు మేనేజరు. నలభై ఏళ్ళు, కాకినాడే. ఎక్కిన సెలైన్ సీసాల దగ్గర్నుంచి బ్లడ్‌బ్యాంకు దాకా అన్నిటికీ ముందుండేవాడు. సునంద అతన్ని అన్నయ్యా అని పిలుస్తుంది.

“తాగమ్మా. నువ్వు పడిపోతే వాణ్ణెవరు చూస్తారు?” అన్నాడు. కప్పు అందిస్తున్న కుడిచేతికి వెడల్పాటి గడియారం.

చెన్నకేశవులు ఆ గడియారం వైపు చూసి, టైం ఎంతండీ అని అడిగి, కుర్చీ తిప్పుకున్నాడు.

ఆ సెంటర్లో ప్రతి గదికీ ర్యాంపు ఉంది, కెమెరాల గదికి తప్ప. దానికి రెండు మెట్లు. పేషెంట్లకి అక్కడ పనేముంటుందని కట్టినవాడి లెక్క. జశ్వంత్ లాప్‌టాప్ బయటికి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఇష్టం లేకుండానే పెట్టాడు.

కారిడార్ కెమెరా తెరిచిన తలుపులోంచి మంచం కాళ్ళవైపు మూర మేర మాత్రమే చూస్తుంది. దుప్పటి కింద రెండు పాదాలు. గొంతులు వినబడవు.

“ఇదిగో కిక్,” అన్నాడు జశ్వంత్. సునంద గదిలోకి దూరగానే కుడికాలు ఎగిరింది.

“వెనక్కి పోనివ్వు. ఆమె రాకముందుకి.”

పోనిచ్చాడు. ఆమె రావడానికి పావుగంట ముందు కాలు ఎగిరింది. అంతకు ముందూ ఎగిరింది. గదిలో ఎవరూ లేరు.

“ఎవర్ని తన్నుతున్నాడు జశ్వంత్, గాలినా? పైపు మూసుకుని కింద గోల మొదలైతే కాళ్ళే ముందు ఎగురుతాయి. తన్నింది అతను కాదు. అతనికి తన్నిన సంగతే తెలియదు. ఇంకా వెనక్కి పో. మొదటి తన్ను ఎక్కడుందో చూద్దాం.”

సునంద క్లాసుకి వెళ్ళింది. పాదాలు రెండూ రాళ్ళలా ఉన్నాయి. రఘునందన్ గదిలోకి వెళ్ళాడు. పాదాలు కదల్లేదు. నాలుగైదు నిమిషాలు గడిచాయి. ఒక్కసారిగా రెండు కాళ్ళూ బిగుసుకుపోయి గడగడ వణికాయి. దుప్పటి జారిపోయింది. మడమలు పరుపుని దబదబా కొట్టాయి.

పక్కనుంచి చూస్తున్న ప్రణతి లాప్‌టాప్ మీదికి వంగింది. “మంచం వీపు ఒక్కసారిగా దించితే ఇలాగే వస్తుంది. నడుము సాగుతుంది కదా. పైపు లాగినా వస్తుంది.”

తెర మీద ఒక చెయ్యి వచ్చింది. కుడిచెయ్యి, వెడల్పాటి గడియారం. ఎగురుతున్న పాదాల మీద దుప్పటి కప్పింది. చీలమండల మీద అరచెయ్యి పెట్టి, వణుకు తగ్గేదాకా నొక్కి పట్టుకుంది. తర్వాత వెళ్ళిపోయింది. రఘునందన్ గదిలోంచి బయటికి వచ్చి తలుపు దగ్గర దీపుతో ఏదో చెప్పి నడిచిపోయాడు.

జశ్వంత్ రెండోసారి వేసి చూశాడు.

“తో క్యా, అయితే ఏంటి?” అన్నాడు చివరికి. మొండిగా అన్నా గొంతులో మొండితనం తగ్గింది. “దుప్పటి కప్పడం నేరం కాదు సర్.”

“కాదు. అందుకే నేరం అడగను. లడ్డూ అడుగుతా. నువ్వు నా పక్కన ఉండు, నోరు మూసుకుని ఉండు. అవసరమైతే తెరువు.”

పన్నెండుకి చాందిని వచ్చింది. ఐసీయూ తలుపు దగ్గర సునంద లేచి నిలబడింది. సంచీలోంచి భర్త అరచేతికి కట్టే పట్టీ తీసి రఘునందన్ చేతిలో పెట్టింది. దానికి చెంచా దూర్చుకుని అన్నం తినడం సాయి పోయిన వారమే నేర్చుకున్నాడు. “మెలకువొస్తే ఇది అడుగుతారు అన్నయ్యా.”

“నేనున్నాను కదమ్మా. రాత్రీ పగలూ పక్కనే ఉంటాను,” అన్నాడు రఘునందన్.

చెన్నకేశవులు కుర్చీ వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి ఆగింది.

“ఒక్క నిమిషం రఘునందన్ గారూ. ఆమె వెళ్ళిపోతే సాయి సంగతులు మీరే చెప్పాలి గదా. నిన్న మీరొచ్చినప్పుడు ఎలా ఉన్నాడు?”

“నిద్రపోతున్నాడండీ. కాసేపు కుర్చీలో కూర్చున్నా. లేపడం ఎందుకని వెళ్ళిపోయా.”

“పైపుగానీ, మంచంగానీ ముట్టుకున్నారా?”

“అబ్బే. అవి చూస్తేనే నాకు భయం. ఈ జబ్బు గురించి నాకు ఓనమాలు తెలియవు.”

“ఒకటి చెప్పండి. కాళ్ళేమన్నా కదిలాయా? డాక్టరుగారు రాసుకోవాలట.”

రఘునందన్ నిట్టూర్చాడు. “ఎక్కడండీ. కట్టెల్లా పడున్నాయి పాపం. కదిలితే ఊరుకుంటానా? వార్డంతా లడ్డూలు పంచి ఉండేవాణ్ణి.”

జశ్వంత్ తల ఎత్తాడు. చెన్నకేశవులు ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి అందరికీ కనబడేట్టు తిప్పాడు. కాళ్ళు వణికాయి, దుప్పటి జారింది, చెయ్యి వచ్చింది, కప్పింది, నొక్కింది. సునంద తెర మీద గడియారాన్నీ, పట్టీ పట్టుకున్న చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూసింది.

“దుప్పటి జారితే కప్పాను. తప్పా?” అన్నాడు రఘునందన్.

“కప్పినందుకు అడగడం లేదు. కప్పిపుచ్చినందుకు అడుగుతున్నా. కట్టెల్లా పడున్నాయన్న స్నేహితుడి కాళ్ళు మీ కళ్ళెదుట ఎగిరాయి. ఓనమాలు తెలియనివాడైతే ఏం చేస్తాడు? సునంద చేసింది. నా భార్య చేసింది. కేక పెడతాడు, డాక్టర్ని లాక్కొస్తాడు, కాకినాడకి ఫోన్ చేస్తాడు, లడ్డూలు తెస్తాడు. అది తప్పే. కానీ ఈ కారిడార్లో ప్రేమున్న ప్రతివాడూ చేసే తప్పు. మీరు చెయ్యలేదు. ఎగిరే కాళ్ళని నొక్కిపెట్టి, గుమ్మంలో దీపుకి ఏం చెప్పారు?”

దీపు ముందుకి వచ్చాడు. “సాబ్ నిద్రపోయారు, సునంద వచ్చేదాకా ఎవరూ లేపొద్దు అన్నారు.”

“నాకు అది ఈడ్పని తెలుసు. అందుకే చెప్పలేదు,” అన్నాడు రఘునందన్.

“ఇప్పుడే కదా ఓనమాలు తెలియవన్నారు.”

“తెలుసు,” అంది ప్రణతి. ఆమె మొహం పాలిపోయింది. “పోయిన నెల సునందకి జ్వరమొస్తే క్లాసుకి వచ్చింది మీరే. ఆ రోజు చెప్పింది ఈ పాఠమే. పైపు మూసుకుంటే ఏమవుతుంది, పడుకోబెడితే ఏమవుతుంది. ఎంతసేపట్లో ప్రమాదమండీ అని అడిగింది కూడా మీరే. ఎంత శ్రద్ధ అనుకున్నాను.”

“నాకు ఆ పాఠం చెప్పలేదే అన్నయ్యా,” అంది సునంద. “ముఖ్యమైనవేం లేవన్నావు.”

రఘునందన్ అందరి మొహాలూ చూసి జశ్వంత్ దగ్గర ఆగాడు. సూటు వేసుకున్నవాడు యూనిఫారంని చూసే చూపు. “ఇన్‌స్పెక్టర్ సాబ్, మంచం దించితే మర్డరా? సాయే దించమన్నాడు. పడుకుంటానన్నాడు.”

జశ్వంత్ అతని దగ్గరికి రెండడుగులు వేశాడు. అతని నోట చెన్నకేశవులు ఎన్నడూ విననిది వినబడింది. హిందీ, ఇంగ్లీషు కలపని తెలుగులో మాట్లాడాడు.

“నిద్రపోయేవాడు అడిగాడా?”

ఐసీయూ తలుపు వెనక యంత్రం ఒకటి కూతలు కూస్తోంది. రఘునందన్ చేతిలో పట్టీ మెలికలు తిరిగింది.

“వాడికి గుర్తొచ్చిందన్నాడు,” అన్నాడు నేలకేసి చూస్తూ. “పోయిన వారం. జారలేదు రఘూ, వీపు మీద చెయ్యి పడింది అన్నాడు. ఎవరిదో ఇంకా తెలియదన్నాడు. నన్నే అడిగాడు, ఎవరై ఉంటారని.”

సునంద అతని చేతి వైపు చూసింది. లిఫ్టు గుంట, రైలింగ్ లేని అంచు, అక్కడ కాలు జారని మనిషి. నాలుగు నెలలుగా ఆమె ఎవరి చేతి టీ తాగిందో ఆ చెయ్యే అతని వీపు మీద పడింది.

“సంతకం పెట్టనన్నాడు,” అన్నాడు రఘునందన్ ఇంకా మెల్లగా. “రైలింగులు లేకుండా సేఫ్టీ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.”

జశ్వంత్ చాందినికి సైగ చేసి, తానే అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టీ కింద పడింది. దీపు వంగి తీసి, తుడిచి, సునందకి ఇచ్చాడు. ఇస్తూ తలెత్తలేదు. రఘునందన్‌ని లిఫ్టు వైపు నడిపించబోతూ జశ్వంత్ ఆగి, పైనుంచి కిందికి కాక, మోకాళ్ళు వంచి కుర్చీ ఎత్తుకి వచ్చి అడిగాడు.

“సర్, ఏక్ బాత్. అంతా సరే. మరి భాగ్ ఎందుకన్నాడు?”

సునంద కళ్ళు మూసుకుంది. నిన్నటి నుంచి ఆమె అడగలేకపోయిన ప్రశ్న అదే.

“దీపు, ఇలా రా,” అన్నాడు చెన్నకేశవులు. “ప్రతి గురువారం నేనిక్కడ కొత్తవాళ్ళకి మొట్టమొదట ఏం వల్లె వేయిస్తానో నువ్వు వింటూనే ఉంటావు. తల ఒక్కసారిగా పగిలిపోతుంటే ఏడవొద్దు, దేవుణ్ణి పిలవొద్దు, అమ్మా అనొద్దు. ఒకే ఒక్క మాట అరవండి. ఏమిటది?”

దీపు పెదాలు కదిలాయి.

“బ్యాగ్,” అన్నాడు.

“సాయి మంచి విద్యార్థి. నాలుక మొద్దుబారుతున్నా పాఠం మరిచిపోలేదు. బ్యాగ్ చూడమని బ్యాగ్, బ్యాగ్ అన్నాడు. తెలుగువాడు ఇంగ్లీషు మాట అన్నాడు, ఢిల్లీలో హిందీ చెవులు విన్నాయి. నువ్వు భాగ్ అనుకుని గార్డు కోసం పరిగెత్తావు. జశ్వంత్ భాగ్ అనుకుని హంతకురాల్ని పట్టుకున్నాడు. నీ తప్పేం లేదు దీపు, ఆ మొహం చూస్తే నేనూ అదే వినేవాణ్ణి.” తర్వాత సునంద వైపు తిరిగాడు. “అతను నిన్ను పొమ్మనలేదమ్మా. గుమ్మంలో నువ్వు కనబడగానే, ఇక ఫర్లేదు, పైపు సంగతి తెలిసిన మనిషి వచ్చిందనుకున్నాడు. అందుకే నీకు చెప్పాడు.”

సునంద ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు. చెంచా పట్టీని కొంగుకి ముడేసుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని, ప్రణతి తెరిచిన ఐసీయూ తలుపులోంచి లోపలికి వెళ్ళింది. అద్దంలోంచి చెన్నకేశవులు చూశాడు. మత్తులో ఉన్న భర్త మొహం వైపు చూడకుండా ఆమె ముందు మంచం పక్కన మోకాళ్ళ మీద వంగింది. పైపుని తొడ దగ్గర్నుంచి చివరిదాకా వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, క్లిప్పు చూసి, బ్యాగు చూసింది.

తర్వాత లేచి అతని చెవి దగ్గరికి వంగి, ఒక్క మాట చెప్పింది: “చూశాను.”